పిన్ని చేపల బల్ల

నిన్న పొద్దున కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే హెల్మెట్ కూడా తియ్యని కుర్రాడొకడు "ఫిష్ ఆర్డరండీ" అని గట్టిగా అని, తెల్లటి సంచీ ఒకటి నా చేతిలో పెట్టాడు. కాసిని మంచినీళ్ళు తాగుతావా బాబూ అని అడిగేలోపే లిఫ్టు ఎక్కేశాడు. మా మనవరాలు కాలేజీకి వెళుతూ ఫోన్లో ఏదో నొక్కింది, అంతే. ఇంకా అరగంటైనా కాలేదు. సంచీలో చల్లటి పెట్టె, పెట్టెలో శీలావతి చేప ముక్కలు. కడిగి, తుడిచి, ఒక్క కొలతన కోసి వరసగా పేర్చి ఉన్నాయి. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు.

తరవాత నేను చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆ పెట్టెను ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్టల వెనక దాచేశాను. అరవై దాటినదాన్ని, ఇల్లు నాది, చేపలు నావి. అయినా దాచాను. ఎందుకంటే హాల్లో మా పిన్ని కూర్చుని ఉంది.

పిన్నికి కంటి శుక్లం ఆపరేషనైంది. నల్లద్దాలు పెట్టుకుని, పది రోజుల విశ్రాంతికని గుణదలలో మా ఇంటికి వచ్చింది. వన్ టౌన్‌లో కాలవగట్టు దగ్గర ఆవిడ చేపల బల్ల ఉంది. ఎవరి చేప వాళ్ళ ఎదురుగానే కోసి, బాగుచేసి ఇచ్చే బల్ల. యాభై ఏళ్ళు తనే కూర్చుంది. మోకాళ్ళు మొరాయించాక కోడల్ని కూర్చోబెట్టింది. ఆ బల్ల దగ్గర మునుపటి రద్దీ లేదని నాకు తెలుసు. ఎందుకు లేదో, ఆ తెల్ల సంచీ చేతిలో పడ్డాక ఇంకా బాగా తెలిసింది.

కొత్తిమీర సర్దుతుంటే గుర్తొచ్చింది. ఇలాగే చేపలు దాచుకున్న మనిషిని చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ ఎండాకాలమంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది.

మాది కొల్లేటి ఒడ్డు ఊరు. మగవాళ్ళు వలకు వెళ్ళేవాళ్ళు, పట్టింది ఆడవాళ్ళు అమ్ముకొచ్చేవాళ్ళు. మా ఇంట్లో అమ్మే మనిషి అమ్మమ్మ. తెల్లారగానే వచ్చే పాసింజరు ఎక్కి గుడివాడ మీదుగా బెజవాడ చేరేది. నాకు పదేళ్ళప్పటి వేసవి సెలవుల్లో, ఇంట్లో ఉంటే అమ్మను కాల్చుకు తింటున్నానని, నన్నూ అమ్మమ్మ వెంట తోలారు. కొత్తగా పెళ్ళయిన పిన్ని అప్పటికే రెండో గంప మోస్తోంది. అమ్మమ్మ చేపలు వేసే ఇళ్ళన్నీ ఆవిడ తరవాత తనవే అని అందరూ అనుకునేవాళ్ళు.

ఆ రైలు నాకిప్పటికీ కలలోకి వస్తుంది. చివరి పెట్టె మాది. ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఇస్త్రీ బట్టలవాళ్ళెవరూ అందులో ఎక్కేవాళ్ళు కాదు. పచ్చి చేపల వాసన, తడి గోనెల వాసన, బొగ్గు పొగ, ఎవరో విప్పిన చద్దన్నం మూటలోంచి ఆవకాయ వాసన. కొర్రమీలు గంపలో తడి గడ్డి కింద ఇంకా కదులుతూ ఉండేవి. చేప పొట్టలో ఉండే గాలిబుడ్డను కాలితో తొక్కితే టపాకాయలా పేలుతుంది. ఒకసారి దారితప్పి మా పెట్టెలో ఎక్కిన ఒక పెద్దమనిషి కునికిపాట్లు పడుతుంటే, ఆయన చెప్పుల పక్కనే ఒకటి పేల్చాను. ఆయన ఉలిక్కిపడి లేచి పై బల్లకు తల కొట్టుకున్నాడు. అమ్మమ్మ నా వీపు మీద ఒకటిచ్చి, ఆయనకు దణ్ణం పెట్టి, తరవాత గుడివాడ దాకా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది.

బెజవాడలో దిగగానే స్టేషను బయట ఇడ్లీ కొట్టాయన రెండు జెల్ల చేపలు పుచ్చుకుని మా ముగ్గురికీ ఇడ్లీ పెట్టేవాడు. అల్లం పచ్చడి నోరు మండించేది. అక్కణ్ణుంచి వన్ టౌన్ సందులు. కొట్ల ముందు బస్తాలు దించే బళ్ళు, మిరపకాయల ఘాటు, బెల్లం గోడౌన్ల దగ్గర ఈగలు, ఇరుకు మలుపుల్లో ఒకర్నొకరు తిట్టుకునే రిక్షావాళ్ళు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద గంప పెట్టుకుని అమ్మమ్మ వాటన్నిటి మధ్యా చెయ్యి ఊపుకుంటూ నడిచేది. గంపను ఒక్కసారి కూడా పట్టుకోవడం నేను చూడలేదు.

ఆవిడ దగ్గరే కొంటామని కట్టుబడిన ఇళ్ళు నలభై దాకా ఉండేవి. ఒకటి రెండు పాత ఇళ్ళలో తప్ప ప్రతి గుమ్మంలోనూ ఒకటే తంతు. గంప దించడం, చేపను ఎత్తడం, బొటనవేలితో మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించడం. "చూసుకోండమ్మగారూ, పొద్దున కొల్లేట్లో ఈదింది." ఆ ఎరుపు చూశాకే బేరం. తల లేని చేపను, మొప్ప చూపించని చేపను ఆ రోజుల్లో ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. కొన్నాక చేప పెరట్లోకి వెళ్ళేది. ఇంటావిడ కత్తిపీట ముందేసుకుని, పొయ్యిలో బూడిద రాసి, గరుకు రాతి మీద పొలుసు పోయేదాకా తోముకునేది. చుట్టూ పిల్లులు, గోడ మీద కాకులు. ఆ పని ముగిసేసరికి మనిషికి ఒక పూట అయిపోయేది.

ఆ వేసవికి ముందే వన్ టౌన్ మారడం మొదలైంది. పెంకుటిళ్ళ మీద మేడలు లేచాయి. మేడల మీద వాటాల్లో కొత్త కాపురాలు దిగాయి. వాళ్ళకు పెరడు లేదు. కిరసనాయిలు స్టవ్వులు వచ్చాయి కాబట్టి బూడిద లేదు. ఎండాకాలం సెలవుల్లేని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పే ఒక టీచరమ్మ రోజూ మేడ మీంచి వంగి చూసేది, కొనేది కాదు. ఒకరోజు అమ్మమ్మే అడిగింది, చేపలు తినరా అమ్మగారూ అని.

"తినకేమండీ, ప్రాణం. ఎక్కడ తోమమంటారు? గచ్చు మీద తోమితే ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమంటారు. తొమ్మిదింటికల్లా క్లాసులో ఉండాలి."

అమ్మమ్మ విని, సర్లెండి అని ముందుకు నడిచింది. పిన్ని విని అక్కడే ఆగిపోయింది. మా మనవరాలు కామర్స్ చదువుతోంది. వ్యాపారాలు ఎలా పుడతాయో, పాతవాటిని కొత్తవి ఎలా పక్కకు నెడతాయో దాని పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంది. నాకు తెలిసిందల్లా ఇంతే. ఇద్దరూ ఒకే మాట విన్నారు, ఒకరు నడిచారు, ఒకరు ఆగారు.

రెండు రోజులు పిన్ని ఆ మాటే నెమరేసుకుంది. మూడో రోజు చీకటితో లేచి, తన గంపలో చేపలన్నీ కోసేసింది. కడిగి, ఉప్పూ పసుపూ రాసి, ఇంటికొక పొట్లం లెక్కన తామరాకుల్లో కట్టింది. కొల్లేట్లో తామరాకులకేం కొదవ. గంప నిండా పచ్చటి పొట్లాలు పేర్చి ఉంటే చూడముచ్చటగా ఉంది. నేనే సగం పొట్లాలకు నారలు కట్టాను. రైల్లో పక్క గంపలవాళ్ళు చూసి మూతులు తిప్పుకున్నారు గానీ, వాళ్ళకు కుళ్ళు అనుకున్నాం.

ఒక్క పొట్లం అమ్ముడుపోలేదు.

టీచరమ్మ దగ్గర్నుంచి అందరూ ఆశగా విప్పడం, పసుపు చూడటం, మొహం మారిపోవడం, మడిచి తిరిగి ఇచ్చేయడం. మాకు మధ్యాహ్నానికి గాని వెలగలేదు. అమ్ముడుపోని చేప సాయంత్రానికి మెత్తబడితే, ఎండబెట్టడానికి పట్టుకెళ్ళే ముందు ఉప్పూ పసుపూ పట్టిస్తాం. అది మా పనే, ఊరందరికీ తెలిసిన పనే. పసుపు పూసిన చేప అంటే నిన్నటి చేప. మేం పుట్టి పెరిగిన పనే, మాకే తట్టలేదు. పిన్ని ముచ్చటపడి, పొద్దున పట్టిన చేపకు నిన్నటి చేప వేషం వేసి ఊరంతా తిప్పింది.

అంతటితో పోతే బాగుండేది. అమ్మమ్మకు ఇరవై ఏళ్ళుగా కట్టుబడిన ప్లీడరు గారింట్లో, ఆయన భార్య మర్నాడు అంది.

"నీ కూతురు పాచి చేపలు తిప్పుతోందటగా. నీ గంపలోవి మంచివేనా?"

అమ్మమ్మ గంప దించింది. మొప్ప ఎత్తి చూపించింది. అప్పటిదాకా ఆ ఇంట్లో మొప్ప చూడమని చెప్పాల్సిన పని లేదు, ఆవిడ మాట మీదే తీసుకునేవాళ్ళు. సందు మలుపు తిరిగాక అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు పిన్ని మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆ రోజు పిన్ని కాలవగట్టు దగ్గర, రేకుపని సాయిబు గారి కొట్టు నీడలో కూలబడి ఉంది. ఆయన డబ్బాలు, గరాటాలు, బాల్చీలు చేసేవాడు. కొట్టు వెనకే ఇల్లు. ఆయన భార్యను అందరం బూబమ్మ గారు అనేవాళ్ళం. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, సంగతంతా విని నవ్వింది.

"పిచ్చిపిల్లా, మాంసం కొట్టుకెళ్తే మా ముందరే కదా కొట్టిస్తారు. నువ్వేమో ఎక్కడో చాటున కోసుకొచ్చి కొనమంటే ఎవరు కొంటారు? చేప నాకు చూపించు, మొప్ప చూపించు. అప్పుడు నా ముందరే కొయ్యి. నేనే కొంటా ముందు."

పిన్ని చెంబు కింద పెట్టేసి ఆవిడ కాళ్ళు పట్టేసుకుంది. బూబమ్మ గారు కంగారుపడి వెనక్కి జరిగి గరాటాల దొంతర పడేసింది.

అమ్మమ్మ ఒప్పుకోవడం అంత తేలిగ్గా అవలేదు. ఆ రోజు తిరుగు రైల్లో గుడివాడ దాటేదాకా గంపలో మిగిలినవి లెక్కపెడుతూ కూర్చుంది. తరవాత అంది.

"కూర్చో. బళ్ళు తెరిచేదాకా కూర్చో. అప్పటికి నీ బల్ల నిలబడిందా సరే. లేదంటే నోరెత్తకుండా గంపెత్తుకో. ఒక్కటే చెబుతున్నా, నా ఇళ్ళ గడప తొక్కొద్దు. మళ్ళీ నా మాట పోగొట్టొద్దు."

"తొక్కనమ్మా," అంది పిన్ని.

నాకు నెలా పదిహేను రోజుల సెలవులు మిగిలి ఉన్నాయి. పిన్నికీ అంతే గడువు.

సాయిబు గారు పాత తలుపు చెక్క ఒకటిచ్చి, కొట్టు పక్కన ఇటుకల మీద నిలబెట్టాడు. పొలుసు గోకడానికి బూడిద, రాయి అయితే పెద్ద చేపకు చాలా సేపు పట్టేది. ఆయన కాసేపు చూసి నన్ను పిలిచి, స్టేషను ముందు కూల్‌డ్రింకు సీసాల మూతలు ఏరుకురమ్మన్నాడు. జేబుల నిండా తెచ్చాను. నాలుగు మూతలను పళ్ళు పైకి వచ్చేలా చెక్కపిడికి మేకులతో కొట్టి ఇచ్చాడు. దానితో తోక వైపు నుంచి తలవైపు రెండుసార్లు లాగితే పొలుసు చిట్లి ఎగిరిపోయేది. మా ఊళ్ళో అలాంటి పనిముట్టు అప్పటిదాకా ఎవరూ ఎరగరు. పిన్ని దాన్ని చీర కుచ్చిళ్ళలో దోపుకుని తిరిగింది, ఎవరైనా ఎత్తుకుపోతారని.

బూబమ్మ గారు మాట నిలబెట్టుకుంది. మొదటి చేప ఆవిడదే. రెండోది టీచరమ్మది. మేడ దిగి వచ్చి, చేపను తనే ఎంచుకుని, మొప్ప చూసుకుని, పిన్ని చేతుల వంక చూస్తూ నిలబడింది. పొలుసు, రెక్కలు, పొట్ట, పేగు, గాలిబుడ్డ. పొట్టలో చేదు అనే పిత్తపు తిత్తి పగిలితే చేపంతా పాడవుతుంది. పిన్ని రెండు వేళ్ళతో దాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీసి కాకికి విసిరింది. ముక్కలు కోసి, తల చీల్చి, ఆకులో చుట్టి ఇచ్చేసరికి టీచరమ్మ గడియారం చూసుకుంది. "క్లాసుకి ఇంకా టైముందే," అంది నమ్మలేనట్టు.

వారం తిరిగేసరికి ఆ మేడల మీది వాటాలన్నీ కిందికి దిగాయి. మూడో వారానికి జనం వరసలో నిలబడటం మొదలైంది. కాలవగట్టు మీద పొద్దున్నే ఆడవాళ్ళ కబుర్లు, పిల్లుల కీచులాట, పొలుసు ఎండలో తళతళ. గాలిబుడ్డలు నాకే దక్కేవి. సందులో పిల్లలకు ఒక్కో బుడ్డకు ఒక్కో మామిడిచెక్క చొప్పున అమ్మాను. వ్యాపారం ఒంట్లో ఉందని పిన్ని మురిసిపోయింది.

పిన్ని అమ్మమ్మ ఇళ్ళ గడప తొక్కలేదు. ఆ ఇళ్ళే బల్ల దగ్గరికి వచ్చాయి. మొదట ఒకావిడ, తనకు చెయ్యి నొప్పి, ఈ ఒక్కసారికే అంటూ వచ్చింది. తరవాత ఇంకొకావిడ. అమ్మమ్మ సందుల్లో తిరిగే వేళ చూసుకుని వచ్చేవాళ్ళు. పిన్ని వెళ్ళగొట్టలేకపోయింది, కోసి ఇచ్చింది, ఇచ్చిన ప్రతిసారీ మొహం మాడ్చుకుంది. నాకన్నీ తెలుసు. అమ్మమ్మకు చెప్పలేదు. సాయంత్రం ఆవిడ గంపలో మిగిలిపోయిన చేపలు రోజురోజుకూ పెరుగుతున్నా, ఎండ ఎక్కువని ఆవిడ అంటే అవునన్నాను.

బళ్ళు తెరవడానికి నాలుగు రోజులుందనగా, నేను అమ్మమ్మ వెంట వెళ్ళాను. ప్లీడరు గారి సందులో ఆయన భార్య ఎదురొచ్చింది. మమ్మల్ని చూడగానే చేతిలో ఉన్న ఆకు పొట్లాన్ని గబుక్కున కొంగు కింద దాచేసింది. ఆకులోంచి కారిన నీళ్ళు ఆవిడ చీర మీద మరక కట్టాయి. "ఇవాళ మాకు వద్దే, ఉపవాసం," అని పక్కనుంచి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ చూడనట్టే నడిచింది. కాలవ వంతెన మీదికి వచ్చాక గంప దించింది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది.

"మూడు వారాల్నుంచి అమ్మమ్మా."

కొడుతుందనుకున్నాను. చుట్టకుదురు విప్పి మళ్ళీ చుట్టుకుంది. ఆవిడ అంత చిన్నగా నాకెప్పుడూ కనపడలేదు.

మర్నాడు అమ్మమ్మ గంపను బూడిదతో తోమి, ఆరబెట్టి, ఖాళీగా నెత్తిన పెట్టుకుంది. రైల్లో వాళ్ళు అడిగితే జవాబు చెప్పలేదు. వన్ టౌన్‌లో మొదటి సందు మొదట్నుంచి ఆ పాత కేకే వేసింది. "చేపలమ్మా, చేపలు." తలుపులు తీసినవాళ్ళు గంపలోకి చూసి తెల్లబోయారు.

"రేపట్నుంచి నేను రానమ్మగారూ. కాలవగట్టు దగ్గర మా చిన్నమ్మాయి బల్ల ఉంది. అక్కడికి రండి. చేప మీరే చూసుకోండి, మీ ఎదురుగానే కోసిస్తది. చాటుగా రానక్కర్లేదు."

నలభై ఇళ్ళకూ చెప్పింది. ఒక్క ఇల్లు వదల్లేదు. ప్లీడరు గారి భార్య గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చింది. అమ్మమ్మే ఆవిడ భుజం తట్టి వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి బల్ల దగ్గరికి చేరాం. పిన్ని చేతిలో సగం కోసిన బొచ్చె చేప ఉంది. అమ్మమ్మ గంపను దించి, బోర్లించి, దాని మీద కూర్చుంది. వరసలో ముందున్నావిడ ఎంచుకున్న చేపను అందుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది.

"చూసుకోండమ్మగారూ. పొద్దున కొల్లేట్లో ఈదింది."

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆ బోర్లించిన గంప మీదే కూర్చుంది. పిన్ని కత్తిని చూసి జనం వచ్చారు, నిజమే. అమ్మమ్మ బొటనవేలిని చూసి నిలబడ్డారు. రెండేళ్ళకు ఆ గట్టు మీద ఇంకో ఆరు బల్లలు లేచాయి. మా రైల్లో మూతులు తిప్పుకున్న వాళ్ళవే నాలుగు. పిన్నే వాళ్ళకు చేదు పగలకుండా తియ్యడం నేర్పింది. బల్ల పెట్టుకోలేక, గంపకు గిరాకీ లేక, ఊళ్ళో కూలికి పోయిన ఒకరిద్దరు కూడా ఉన్నారు. వాళ్ళను మరిచిపోయి పిన్నిని పొగిడితే అది పొగడ్త కాదు. కానీ మేడ మీంచి ఒక మనిషి అన్న మాటకు ఆగి, ఒకసారి నవ్వులపాలై, మళ్ళీ లేచి, ఊరి ఆడవాళ్ళకు రోజూ ఒక పూట మిగిల్చిన మనిషి మా పిన్ని. నేను చూసిన వాళ్ళలో అంతటి మనిషి ఇంకొకరు లేరు.

"అమ్మడూ, ఆ దాచిన పెట్టె ఇట్టా తీసుకురా," అని హాల్లోంచి పిలిచింది ఆ మనిషి.

"ఏ పెట్టె పిన్నీ?"

"నాకు ఆపరేషన్ కళ్ళకేనే. చెవులు బానే ఉన్నాయి."

తెచ్చి ఒళ్ళో పెట్టాను. నల్లద్దాలతోనే మూత తీసి, ముక్క మీద వేళ్ళు నడిపించింది. వెన్ను దగ్గర తడిమింది, పొట్ట అంచు తడిమింది, వాసన చూసింది.

"చెయ్యి తిరిగినోళ్ళే కోశారు. ఒక్క పొలుసు తగల్లేదు. చేదు పగల్లేదు. ఐసు సరిగ్గా వేశారు." నవ్వింది. "పసుపు రాయలేదు చూశావా? నాకంటే తెలివైనోళ్ళు."

నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "బాధగా లేదా పిన్నీ?" అన్నాను.

"ఎందుకుండదు? మీ అమ్మమ్మకు లేదా? ఆ రోజు ఖాళీ గంపతో సందులోకి ఎళ్ళింది చూడు, నేను బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తానే ఉన్నా. అయినా కత్తి ఆపలా." ముక్కలను ఒక్కొక్కటీ మళ్ళీ తడిమి చూసింది. "తల ఏదే?"

"తల వెయ్యరు పిన్నీ. ముక్కలే."

"తల లేకుండా పులుసేంటి?" అని నిటారుగా కూర్చుంది. "ఇన్నిళ్ళకు తల అందట్లేదా అయితే? కోడలికి ఫోన్ కలుపు."

కలిపాను. రేపట్నుంచి తలలు విడిగా పెట్టమని, మొప్పలు తీసి రెండుగా చీల్చి పులుసుకు సిద్ధంగా ఉంచమని, పెట్టెలవాళ్ళ దగ్గర కొనేవాళ్ళు కూడా దీనికోసం వస్తారని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఫోన్ నా చేతికిస్తూ అడిగింది.

"ఈ మేడలో ఎన్నిళ్ళున్నాయే?"

"ముప్పై పిన్నీ."

"ఈ మోకాళ్ళతో నేను ఇన్ని గుమ్మాలు తిరగలేను."

నన్ను తిరగమని విడిగా చెప్పక్కర్లేదు. ఆ వేసవిలో అమ్మమ్మకు చెప్పకుండా మూడు వారాలు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని నేనే. సాయంత్రం చీర మార్చుకుని, లిఫ్టులో పై అంతస్తుకు వెళ్ళి, మొదటి తలుపు బెల్ నొక్కాను. ఎప్పుడూ పలకరించని ఇల్లు. తలుపు తీసిన అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, ఏం కావాలండీ అంది. కొంగు సర్దుకున్నాను. తరవాత అమ్మమ్మ మాటలే వచ్చాయి.

"కాలవగట్టు దగ్గర మా పిన్ని చేపల బల్ల ఉందమ్మా. చేప మీరే చూసుకోండి, మీ ఎదురుగానే కోసిస్తారు. తలకాయతో సహా."